నడివయస్సున పరుగు: 1 కొరింథీయులకు 9:24–27 మీద పఠన పాఠము

చదువవలసిన భాగములు: 1 కొరింథీ. 9:24–27, 1 తిమోతి 4:7, 8, యెహోషువ 14:6–12, 2 సమూయేలు 18:19–33, 1 రాజులు 18:46 మొదలు 19:8 వరకు.

పరుగుపందెమనగా ఏమో ఎరుగని వారికి పౌలు భక్తుడు ఈ మాటలు వ్రాయలేదు. కొరింథు పట్టణమునకు కొద్ది మైళ్ల దూరమున, రెండు సముద్రముల నడుమనున్న ఇరుకైన భూమిమీద, రెండేండ్లకొకసారి గొప్ప ఆటల పండుగ జరుగుచుండెను. గెలిచినవానికి అచ్చట ఇచ్చినది బంగారము కాదు, వెండి కాదు. ఒక కాలమున సరళవృక్షపు కొమ్మలతోను, మరియొక కాలమున వాడిన ఆకుకూరవంటి యొక మొక్కతోను అల్లిన కిరీటము మాత్రమే. తలమీద పెట్టునప్పటికే వాడియున్న కిరీటము! అపొస్తలుడు ఆ పట్టణములో ఏడాదిన్నర యుండి డేరాలు కుట్టి జీవించెనని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో చదువుచున్నాము. దూరదేశములనుండి జనులు వచ్చి దిగు పండుగ దినములలో డేరాలు కుట్టువానికి పని కొదువ యుండదు గదా. కనుక క్షయమగు కిరీటమనియు అక్షయమగు కిరీటమనియు ఆయన చెప్పినప్పుడు కొరింథువారి కన్నులయెదుట ఆ ఆకులు కనబడియుండును.

ఆయన ముఖ్యముగా ఎత్తిచూపినది కాళ్ల వేగము కాదు, మితము. పోరాడువాడు అన్ని విషయములలో తన్ను తాను అదుపులో నుంచుకొనునని ఆయన చెప్పుచున్నాడు. ఒలింపియా ఆటలలో చేరువారు పది నెలలు క్రమముగా సాధన చేసితిమని ముందుగా ప్రమాణము చేయవలసియుండెను. ఒక్క దినపు పరుగునకు పది నెలలు! ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడి. ముందు దీనితో మనకు పనియున్నది.

ఈ మాసము ఈ పాఠము నెందుకు ఏర్పరచితిమి? మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో నలుబది, ఏబది ఏండ్లు దాటిన సహోదరులు కొందరు, సహోదరీలు కొందరు తెల్లవారుజామున రోడ్డుమీద నడచుటయు పరుగెత్తుటయు మొదలుపెట్టుచున్నారు. వారిని చూచి నవ్వువారున్నారు. “ఈ వయస్సులో ఈ చిన్నపిల్లల చేష్టలేమి?” అనువారున్నారు. శరీరముమీద ఇంత శ్రద్ధ విశ్వాసికి తగునా అని నిజముగా సందేహపడువారును ఉన్నారు. నవ్వువారిని విడిచిపెట్టుదము. సందేహించువారికి ఉత్తరము చెప్పవలెను.

మన తాతల కాలమున ఈ ప్రశ్నయే పుట్టియుండదు. కపిల తోలినవాడు, సంతకు నెత్తిమీద గంపతో నడచి వెళ్లినది, గొఱ్ఱెల వెంబడి గుట్టలెక్కినవాడు ఉదయముననే లేచి పరుగెత్తవలెనని ఎవరు చెప్పుదురు? నేడు బావికి మోటారు వచ్చెను, దున్నుటకు ట్రాక్టరు వచ్చెను, పక్కవీధికైనను మోటారు బండి మీదనే పోవుచున్నాము. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, దుకాణదారులు, టమాటా మార్కెట్టులో లెక్కలు వ్రాయువారు దినమంతయు కూర్చుండియే యుందురు. భోజనము మాత్రము తాతలనాటి భోజనమే, ముద్ద చిన్నదికాలేదు. అందుచేత మన సంఘములలో చక్కెర వ్యాధిలేని యిల్లు, రక్తపుపోటు మాత్రలులేని యిల్లు వెదకవలసి వచ్చుచున్నది.

ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పుచున్నాము. దినమంతయు కూలిపని చేసి నడుము విరిగి యిల్లు చేరు సహోదరికి ఈ పాఠము వ్రాయబడలేదు. ఆమెకు కావలసినది పరుగు కాదు, విశ్రాంతియు మంచి ఆహారమును. కుర్చీలో కూర్చుండువారు ఆమెకు వ్యాయామమునుగూర్చి ప్రసంగించుట వినుటకే బాగుండదు.

శరీరమును కదలించుటవలన మేలు కలుగునని శాస్త్రజ్ఞులు ఎట్లు తెలిసికొనిరో చూడుడి. లండను పట్టణపు రెండంతస్తుల బస్సులలో ఒక డ్రైవరు, ఒక కండక్టరు ఉండెడివారు. ఇద్దరిది ఒకే బస్సు, ఒకే వీధి, ఇంచుమించు ఒకే జీతము. డ్రైవరు కూర్చుండియుండును, కండక్టరు టిక్కెట్లిచ్చుచు దినమునకు వందలకొలది మెట్లు ఎక్కి దిగుచుండును. జెర్రీ మోరిస్ అను వైద్యుడు వారి ఆరోగ్యమును పరిశీలించి 1953లో ప్రకటించినదేమనగా, కండక్టర్లకంటె డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువగా వచ్చుచుండెను.

దీనికంటె ఆశ్చర్యమైనది అమెరికాలోని డల్లాసు పట్టణమున జరిగిన పరీక్ష. 1966లో ఇరువదేండ్ల ప్రాయముగల ఆరోగ్యవంతులైన అయిదుగురు యువకులను మూడు వారములు మంచముమీదనుండి లేవనీయక పరుండబెట్టిరి. వారి దేహబలము ఎంత తగ్గెనో కొలిచి వ్రాసియుంచిరి. ముప్పది ఏండ్లు గడచెను. 1996లో ఆ అయిదుగురినే, అప్పటికి ఏబది ఏండ్లవారైయుండగా, మరల పిలిచి కొలిచిరి. ముప్పదేండ్ల వయస్సు వారినుండి తీసికొనిపోయిన బలముకంటె ఆ మూడు వారముల మంచము తీసికొనిపోయిన బలమే యెక్కువయని తేలెను! అంతటితో వారు ఆగలేదు. ఆ నడివయస్కులచేత ఆరు నెలలు కొంచెము కొంచెముగా పెంచుచు నడిపించిరి, పరుగెత్తించిరి, సైకిలు త్రొక్కించిరి. ఆరు నెలలు గడచునప్పటికి వారి దేహము తాళగల శ్రమ ఇరువదేండ్లనాడు, మంచమెక్కకముందు ఉండిన మట్టమునకు తిరిగి వచ్చెను. గుండె కొట్టుకొను వేగము యౌవనమునాటి హద్దుకు రాలేదు. అయితే కండరములు రక్తములోని ప్రాణవాయువును మునుపటికంటె బాగుగా తీసికొనుట నేర్చెను. ముసలితనమని మనము పేరుపెట్టుకొన్న దానిలో ఎంత భాగము నిజముగా వయస్సో, ఎంత భాగము మంచమో మనము విచారింపవలసియున్నది.

కాలేబు ఎనుబదియైదవ ఏట యెహోషువ యెదుట నిలిచి, మోషే తన్ను వేగు చూడ పంపిన నాటి బలమే నేటికిని తనకున్నదని చెప్పి, కొండసీమను అడిగెను. పల్లమును, నీళ్లున్న చోటును అడుగలేదు. దేవుడే తన్ను సజీవునిగా కాపాడెనని ఆయన మొదటనే ఒప్పుకొనుట మరువరాదు. అయినను నలుబది ఏండ్లు అరణ్యములో నడచినవాడు ఆ మాట చెప్పెననుటయు మరువరాదు.

మన తెలుగువారిలో ఒకరిని చెప్పుదుము. నాటి తూర్పు గోదావరి జిల్లా సామర్లకోటకు చెందిన గోలి శ్యామల హైదరాబాదులో బొమ్మల చిత్రములు తీయు పనిలోనుండి, నలుబదియవ పడిలో ప్రవేశించిన తరువాతనే ఈత నేర్చుకొనెను. 2021 మార్చి మాసమున శ్రీలంక తీరమునుండి ధనుష్కోటి వరకు పాక్ జలసంధిని, ఇంచుమించు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషములలో ఈది దాటెను. చీకటితోనే నీళ్లలో దిగినది సాయంకాలమునకు ఒడ్డు చేరెను. ఆమెకు తర్ఫీదు ఇచ్చిన పోలీసు అధికారి రాజీవ్ త్రివేదియు నడివయస్సులోనే, 2012లో, ఆ సముద్రమును ఈదినవాడు.

వ్యవసాయము చేయువారికి ఆస్ట్రేలియా దేశపు క్లిఫ్ యంగ్ కథ మరింత రుచించును. ఆయన ఉర్లగడ్డలు పండించు రైతు. గొఱ్ఱెల వెంబడి పరుగెత్తి అలవాటైనవాడు. 1983లో సిడ్నీనుండి మెల్బోర్ను వరకు 875 కిలోమీటర్ల పందెము పెట్టినప్పుడు అరువదియొకటవ ఏట వచ్చి నిలిచెను. యౌవనస్థులు వేగముగా ముందుకు సాగిరి. ఈయన కాళ్లు ఈడ్చుచున్నట్లు చిన్న చిన్న అడుగులు వేయుచు సాగెను. వారు రాత్రి పండుకొన్న వేళ ఈయన పోవుచునే యుండెను. 5 దినముల 15 గంటలలో అందరికంటె ముందుగా మెల్బోర్ను చేరెను. వచ్చిన బహుమానపు సొమ్మును తోడి పందెగాండ్రకు పంచిపెట్టెనని చెప్పుదురు. పరుగు వేగముగలవారిది కాదని ప్రసంగి 9:11లో చెప్పిన జ్ఞాని ఆ పందెమును చూచినయెడల సంతోషించియుండును.

ఈ దినములలో ట్రయథ్లాను అను మరియొక పందెము వినబడుచున్నది. మొదట ఈత, వెంటనే సైకిలు, వెంటనే పరుగు. నడుమ విశ్రాంతి లేదు. వీటిలో మిక్కిలి దీర్ఘమైనవాటిలో ఒకదానికి ఉక్కుమనిషి యని అర్థమిచ్చు ఐరన్‌మాన్ అను పేరు. 1978 ఫిబ్రవరిలో హవాయి ద్వీపములలో పదునైదుగురు దానిని మొదలుపెట్టగా పండ్రెండుగురు ముగించిరి. దానిలో ఈత 3.8 కిలోమీటర్లు, సైకిలు 180 కిలోమీటర్లు, పరుగు 42 కిలోమీటర్లు. వినగానే ఇది దొరల వేడుక యనిపించును. కాని మన పల్లెలలో పెరిగినవాడు దిగుడుబావిలో ఈదలేదా, పాలక్యానులు కట్టుకొని సైకిలు త్రొక్కలేదా, గట్టు వెంబడి పశువులను తరుమలేదా? మూడును మనకు తెలిసిన పనులే. ఒకే దినమున వరుసగా చేయలేదు, అంతే.

ఆ పందెములో పేరు పొందినవారిలో మడోనా బూడర్ అను అమెరికా సహోదరి యొకతె. ఆమె రోమను కథోలిక సన్యాసిని. మన సంఘములకు చెందినది కాదు. అయినను మంచి మాదిరి ఎచ్చట కనబడినను చూడవలెను గదా. ఒక గురువు ప్రోత్సహింపగా నలుబదియెనిమిదవ ఏట మొదటిసారి పరుగెత్తెను. ఏబదియైదవ ఏట మొదటి ఐరన్‌మాన్ ముగించెను. 2012లో ఎనుబదిరెండవ ఏట కెనడా దేశమున ఆ పందెమునే 17 గంటల గడువులోపల ముగించెను.

ఇట్టి పేర్లు విని రేపటి ఉదయమే లేచి పరుగెత్తువారిని మేము ఆపవలసియున్నది. ఆ పది నెలల ప్రమాణము జ్ఞాపకమున్నదా? మొదలుపెట్టిన కొద్ది వారములలోనే ఊపిరి కుదురుకొనును, గుండె బలపడును. కాని ఎముకలను కండరములను కట్టియుంచు నరములవంటి కట్లు గట్టిపడుటకు నెలలు పట్టును. ఊపిరి “పద” అనును, మడమ “ఆగు” అనును. నడివయస్సున మొదలుపెట్టువారిలో పెక్కురు ఊపిరి మాట విని మడమ మాట వినక, రెండవ నెలలో మోకాలు పట్టుకొని యింట కూర్చుందురు.

మన మదనపల్లె చెంతనే ఈ సంగతికి మంచి సాక్ష్యమున్నది. ఆరోగ్యవరములో అనేక మిషనులు కలిసి స్థాపించిన క్షయరోగుల శానిటోరియము 1915లో తెరువబడెను. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దాని మొదటి అధికారి. క్షయను చంపు మందు అప్పటికింకను లోకములో పుట్టలేదు. మంచి గాలి, మంచి ఆహారము, విశ్రాంతి, ఇవియే మందులు. అయితే విశ్రాంతి తరువాత రోగి ఎట్లు లేచి నడువవలెను? ఆ ప్రశ్నకు ఇంగ్లండులోని ఫ్రిమ్లీ శానిటోరియములో మార్కస్ ప్యాటర్సన్ అను వైద్యుడు 1905 తరువాతి యేండ్లలో ఒక క్రమము ఏర్పరచెను. మొదట అర మైలు నడక. జ్వరము రానియెడల కొంచెము ఎక్కువ. అట్లు పెంచుచు దినమునకు పది మైళ్లవరకు. ఆ తరువాతనే గంపతో మట్టి మోయుట, ఆ తరువాతనే పార పట్టుట. ఒక మెట్టు కుదురుకొనకుండ పై మెట్టు లేదు. వ్యాధిగ్రస్తులకే అంత ఓపిక చాలియుండగా, బలముగలవారమని తలంచు మనకు తొందర యేల?

కాబట్టి మొదటి నెల నడకయే. రెండవ నెల నడకలో నడుమ నడుమ ఒక నిమిషము మెల్లని పరుగు. పరుగెత్తుచు ప్రక్కవానితో పూర్తి వాక్యము పలుకగలిగినయెడల వేగము సరియైనదే. మాట తెగుచున్నయెడల అది ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పినది వారమునకు 150 నిమిషములు మొదలు 300 నిమిషముల వరకు చురుకైన నడకవంటి శ్రమ, లేక దానిలో సగము కాలము కఠినమైన శ్రమ. మారథాను పరుగెత్తుమని అది ఎవరికిని ఆజ్ఞాపించలేదు, మేమును ఆజ్ఞాపించుటలేదు. దూరము కొలుచుటకు గడియారపు యంత్రములు కొననక్కరలేదు, రోడ్డు ప్రక్కన కిలోమీటరు రాళ్లున్నవి. బూట్లకు మాత్రము డబ్బు ఖర్చుపెట్టుట మంచిది.

మొదలుపెట్టకముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి రక్తపుపోటు, చక్కెర చూపించుకొనుడి. ఎదలో నొప్పి, కన్నులు తిరుగుట, మితిమీరిన ఆయాసము కలిగినయెడల అక్కడనే ఆగవలెను. ప్రార్థన చేసికొని ముందుకు సాగుట విశ్వాసము కాదు. చక్కెర వ్యాధికి సూదులు గాని కొన్ని విధములైన మాత్రలు గాని వాడువారు శ్రమచేసినప్పుడు రక్తములోని చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చును. చెమట, వణుకు దాని గురుతులు. జేబులో చక్కెరయో బెల్లపుముక్కయో ఉండవలెను. ఇల్లు చేరగానే పాదములు చూచుకొనవలెను, ఏలయనగా ఆ వ్యాధిగలవారికి పుండు పుట్టినను నొప్పి తెలియదు. ఎండకాలమున ఆరు గంటలకే ముగించుడి. హార్స్‌లీ కొండల రోడ్డు చల్లగానుండునని కొందరు మొదటి నెలలోనే అచ్చటికి పోవుచున్నారు. ఆ కొండ 1,200 మీటర్లకు మించిన ఎత్తు. దాని మలుపులు కాళ్లు కుదిరినవారికి. మరియు దిగునప్పుడే మోకాళ్లకు ఎక్కువ దెబ్బ తగులును, ఎక్కునప్పుడు కాదు.

రోడ్డునుగూర్చి జాగ్రత్త. పంజాబు దేశపు ఫౌజా సింగ్ ఎనుబదితొమ్మిదవ ఏట 2000లో లండను మారథాను పరుగెత్తి, నూరేండ్ల ప్రాయమున 2011లో టొరంటో మారథానును ముగించెనని చెప్పబడినవాడు. జన్మపత్రము లేనందున గిన్నిసు పుస్తకమువారు ఆ లెక్క నంగీకరింపలేదు. మన పెద్దలలో ఎందరికి జన్మపత్రమున్నది? ఆయనను వృద్ధాప్యము చంపలేదు, గుండెజబ్బు చంపలేదు. 2025 జూలైలో తన ఊరియొద్ద రోడ్డుమీద వాహనము తగిలి మరణించెను. కనుక ఎదురుగా వచ్చు బండ్లు కనబడునట్లు కుడి ప్రక్కన నడువుడి. తెల్లని బట్ట కట్టుకొనుడి. బడి మైదానము గాని చెరువు కట్ట గాని యున్నయెడల రోడ్డు జోలికి పోనేవద్దు.

శరీర సాధన కొంతవరకే ప్రయోజనకరమనియు, దైవభక్తియే అన్నిటికిని ప్రయోజనకరమనియు పౌలు తిమోతికి వ్రాసెను. ఈ వచనమును చెప్పి పరుగును కొట్టివేయువారు “కొంతవరకు” అను మాటను సున్న అని చదువుచున్నారు. పరుగే సర్వమనువారు ఆ మాటను చదువనేలేదు. రెండవ తెగవారు పట్టణములలో ఎక్కువ. వారికి అహిమయస్సును చూపుదుము. అబ్షాలోము చనిపోయిన దినమున యోవాబు వద్దన్నను, చెప్పుటకు తగిన వర్తమానము లేకున్నను, అతడు పరుగెత్తెను. మైదానపు మార్గమున పోయి కూషీయుని దాటెను. ముందుగా చేరెను. దావీదు తన కుమారుని క్షేమమడిగినప్పుడు, ఏదో గొప్ప అల్లరి చూచితినే గాని అదేమో తెలియదని చెప్పెను. రాజు అతనిని ప్రక్కకు తొలగి నిలువుమనెను. అంత చక్కగా పరుగెత్తి ప్రక్కన నిలువబడుట! కొన్న బూట్లను, తీయించుకొన్న ఫోటోలను, నిమిషముల లెక్కలను తప్ప మరియొకటి మాటలాడలేని సహోదరుడు ఈ అధ్యాయమును ఒంటరిగా చదువుకొనవలెను. అతని భార్య తెల్లవారుజామున ఒంటరిగా నీళ్లు పట్టి, పిల్లలకు వండి, బడికి పంపుచున్నదా అనియు మేము అడుగుదుము.

ఆదివారపు ప్రశ్న కఠినమైనది. హైదరాబాదు, విశాఖపట్టణము, బెంగుళూరు పట్టణముల పెద్ద పందెములు సాధారణముగా ఆదివారము ఉదయముననే జరుగును. బండ్ల రద్దీ తక్కువ గనుక. కుప్పమునుండి బెంగుళూరికి రైలు సులభము గనుక ఆశయు సులభముగానే పుట్టును. స్కాట్లండుకు చెందిన ఎరిక్ లిడ్డెల్ 1924 పారిసు ఒలింపిక్సులో నూరు మీటర్ల పరుగు తొలిపోటీ ఆదివారమున పడినందున దానిని విడిచిపెట్టెను. తరువాత 400 మీటర్లలో 47.6 సెకనులలో గెలిచెను. ఆ పిమ్మట చైనాలో మిషనెరీగా పనిచేసి, 1945లో జపానువారి నిర్బంధ శిబిరమున నలుబదిమూడవ ఏట మృతినొందెను. పతకము దొరికినందున ఆయన నిర్ణయము సరియైనదని చెప్పకూడదు. దొరకకున్నను ఆయన అదే చేసియుండును. ఏడాదికొక ఆదివారము పందెమునకు పోయినవానిని సంఘమునుండి వెలివేయుమని మేము చెప్పము. అయితే ప్రతి ఆదివారము దీర్ఘ పరుగునకు ఏర్పరచుకొని, అలసి పదిగంటల ఆరాధనలో నిద్రించువాడు పందెమునకు కాదు, తన వారపు పట్టికకే దాసుడైయున్నాడు. శనివారము అదే రోడ్డుమీద అదే దూరమున్నది.

ఏలీయా యెహోవా హస్తము తనమీద ఉండగా అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తెను. మరు అధ్యాయములోనే బదరీ చెట్టు క్రింద కూలబడి, చావు కోరుకొనెను. దేవదూత ఆయనకు మొదట ఉపదేశము చేయలేదు. నిద్రపోనిచ్చి, తట్టి లేపి, కాల్చిన అప్పమును నీళ్లను ఇచ్చెను. మరల నిద్రపోనిచ్చి, మరల తినుమనెను. ఆ పిమ్మటనే నలుబది దినముల ప్రయాణము. దీర్ఘ పరుగు తరువాత దిగులు, చిరాకు కలుగుచున్నవని చెప్పువారికి ఈ భాగమునే చూపుచున్నాము. రాగిముద్ద, పప్పు, మజ్జిగ, ఎనిమిది గంటల నిద్ర, వారమునకు రెండు దినములు పరుగులేకుండుట. నీళ్లు దాహము తీరునంత త్రాగవలెను. గంటలకొలది పరుగెత్తుచు దాహము లేకున్నను వట్టి నీళ్లు విస్తారముగా త్రాగువారికి రక్తములోని ఉప్పు పలుచబడి ప్రాణాపాయము కలుగవచ్చును.

సహోదరీలనుగూర్చి ఒక మాట. తెల్లవారుజామున స్త్రీ ఒంటరిగా రోడ్డుమీద పరుగెత్తినయెడల మన ఊళ్లలో ఏమేమి మాటలు పుట్టునో అందరు ఎరుగుదురు. ఆ మాటలకు భయపడియే అనేకులు మోకాళ్లనొప్పితోను చక్కెరతోను ఇంట కూర్చున్నారు. స్త్రీల సమాజమువారు గుడి ఆవరణములోనో మిషను బడి మైదానములోనో అయిదున్నర మొదలు ఆరున్నర వరకు కలిసి నడచుటకు ఏర్పాటు చేసినయెడల, నలుగురు కలిసియున్నచోట మాట పుట్టదు. ఆవరణము చుట్టు ఒక తాడుతో కొలిచి, ఎన్ని చుట్లకు ఒక కిలోమీటరగునో గోడమీద సున్నముతో వ్రాయవచ్చును. చీరెతో నడువవచ్చును; పరుగు మొదలుపెట్టునప్పుడు చుడిదారు మేలు. ఆ గంట సేపు ఇంటిలో పొయ్యి ఎవరు ముట్టించుదురో భర్తలు ముందటి రాత్రియే తీర్మానించుకొనవలెను.